బాబాయి ఎడమ చెవి

మా బాబాయితో మాట్లాడదలచినవారెవరైనా ఆయనకు కుడి పక్కన కూర్చోవాలి. కొత్తల్లుడు వచ్చినా, ఓట్లడగడానికి నాయకుడు వచ్చినా మా పిన్ని మంచినీళ్ల గ్లాసుతో పాటు ముందుగా అందించే సంగతి ఇదే. చిన్నతనంలో నేను దానిని వయసు మీద పడిన చెవుడనే అనుకునేవాణ్ణి, కాని ఊళ్లో మిలట్రీ నుంచి తిరిగివచ్చిన మరో ఇద్దరు ముగ్గురికి కూడా ఎడమ చెవే మందగించి ఉండడం గమనించాక ఒకనాడు కారణమడిగాను. కుడి భుజానికి తుపాకి మడమను ఆనించి, కుడి చెంపను కొయ్యకు చేర్చి గురిచూసేవాడికి ఎడమ చెవి గొట్టం మొన వైపుకు తిరిగి ఉంటుందట, కుడి చెవికి తలే అడ్డంగా నిలుస్తుందట. ఫైరింగ్ రేంజిలో చెవుల్లో దూది ఉండలు పెట్టుకునేవారు గాని, యుద్ధంలో ఆదేశం వినిపించాలి కాబట్టి అదీ లేదు. ఇరవయ్యొక్కేళ్ల వయసులో మొదలైన కీచురాళ్ల చప్పుడు డెబ్బయ్యయిదో ఏట కూడా రాత్రివేళ ఆయన ఎడమ చెవిలో ఆగలేదు.

మాది అప్పటి ప్రకాశం జిల్లా పడమటి పక్క, నల్లమల నీడన ఉన్న ఒక మెట్టపల్లె. కంభం చెరువు నిండిన ఏడు ఆయకట్టు వాళ్లకు పండుగ గాని, మాకు అది కూడా లేదు. కంది, మిరప వేసి ఆకాశం వైపు చూడడం కన్నా గుంటూరు రిక్రూట్‌మెంటు వాళ్ల ముందు ఛాతీ కొలిపించుకోవడం నయమనుకున్న కుటుంబాలు మా వైపు చాలా ఉన్నాయి. సెలవు మీద వచ్చేవాళ్లు గుంటూరులో దిగి, అప్పటి మీటరుగేజి బండిలో గిద్దలూరు దాకా కూర్చుని, పేరూ నంబరూ తెల్లరంగుతో రాసిన నల్ల ట్రంకు పెట్టెను నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేవారు. ఆ పెట్టెలు ఇప్పటికీ మా ఊరి అటకల మీద ఉన్నాయి, వాటిలో ఎక్కువభాగం చింతపండూ మిరపకాయలే.

ఎండాకాలం సాయంత్రాలు వేపచెట్టు కింద అరుగు మీద చేరిన ఈ పదవీ విరమణ చేసినవారి మాటలను నేను బడికి వెళ్లే రోజుల నుంచి వింటున్నాను. క్యాంటీను, పింఛను, హవల్దారు పెట్టిన తిప్పలు, ఆ తరువాత ఆయుధాలు. ఆయుధాల దగ్గరకు వచ్చేసరికి వాళ్ల మాటతీరు సినిమా చూసి పెరిగిన నాబోటివాడు ఆశించినట్టుగా ఎన్నడూ ఉండేది కాదు. రైతు తన ఎద్దు గురించి చెప్పుకున్నట్టే వాళ్లు తుపాకి గురించి చెప్పుకునేవారు, అది ఎక్కడ మొరాయిస్తుందో, ఏ వాతావరణం దానికి పడదో, ఎవరి చేతికి లొంగుతుందో. అది ఎంతమందిని కూల్చిందన్న మాట ఆ అరుగు మీద నేను వినలేదు.

వాళ్లందరిలోకీ పెద్ద, మేము శాపర్ తాత అని పిలిచిన ఒక పెద్దాయన, 1962 చైనా యుద్ధంలో ఈశాన్య సరిహద్దున మద్రాసు శాపర్ల దళంలో, అంటే సైన్యానికి దారులూ వంతెనలూ వేసే దళంలో ఉన్నాడు. ఆయన చేతిలో ఉన్నది మూడువందలమూడు, అంటే ఈషాపూర్ కర్మాగారంలో తయారైన .303 లీ ఎన్‌ఫీల్డ్. ఒక్కొక్క తూటాకూ బోల్టు పిడిని పైకి లేపి, వెనక్కు లాగి, ముందుకు తోసి, కిందికి దించాలి. పది తూటాలు పట్టే ఆ తుపాకిని తర్ఫీదు పొందిన సిపాయి నిమిషానికి పదిహేనుసార్లు గురిచూసి పేల్చగలడు. రెండు ప్రపంచ యుద్ధాలు చూసిన ఆయుధమది, దాని నిజాయితీ మీద తాతకు ఎన్నడూ అనుమానం లేదు. అవతలి చైనా సిపాయిల చేతుల్లో మాత్రం నొక్కినప్పుడల్లా తనంతట తానే మరో తూటాను ఎక్కించుకునే తుపాకులు, నొక్కి పట్టుకుంటే ఆగకుండా కురిపించేవీ ఉన్నాయి. "మేము తలుపు గడియ తీసి వేసేలోపల వాడు ఇల్లంతా తిరిగొచ్చేవాడప్పా" అని తాత నవ్వుతూ చెప్పేవాడు గాని, ఆ నవ్వు ఎక్కువసేపు ఉండేది కాదు.

అయితే ఆ ఓటమిని తుపాకి మీదికి నెట్టివేసే వాదన ఆయన దగ్గర సాగేది కాదు, నేను కూడా ఆ విషయంలో తాత పక్షమే. ఆ అక్టోబరులో నామ్‌కా చూ వాగు ఒడ్డున నిలబెట్టిన బ్రిగేడు సిపాయిలకు మనిషికి యాభై తూటాలే సంచిలో ఉన్నాయి, ఒంటి మీద ఉన్నది మైదానాలకు సరిపోయే నూలు దుస్తులు. మరో వైపు లడఖ్‌లో, నవంబరు 18న రెజాంగ్ లా దగ్గర మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వాన 13 కుమావూఁ పటాలానికి చెందిన ఒక కంపెనీ ఇవే .303లతో, కొద్ది తేలికపాటి మెషిన్‌గన్నులతో, చిన్న మోర్టార్లతో చివరిదాకా నిలిచింది. మూడు నెలల తరువాత వెళ్లినవారికి గడ్డకట్టిన దేహాలు కందకాల్లో ఆయుధాలు పట్టుకున్న భంగిమలోనే కనిపించాయి. పాత తుపాకి చేతిలో ఉన్నంత మాత్రాన మనిషి పారిపోడు, కొత్త తుపాకి ఉన్నంత మాత్రాన అన్నం లేనిచోట నిలబడలేడు. తాత మాటల్లో ఎక్కువగా వినిపించింది కూడా ఈశాన్య కొండల్లోని బొమ్‌డిలా నుంచి వెనుదిరిగి దిగివస్తున్నప్పటి ఆకలీ, బూట్లూ, చలీ. ఆ దిగిరావడంలో కూడా ఆయన .303ను పారేయలేదు. కారణం వీరత్వం కాదు, దాని నంబరు తన పేరు మీద ఉంది, పోగొడితే విచారణ అవుతుందన్న భయం. ఈ మాట ఆయన దాచుకోకుండా చెప్పినందువల్లనే మిగతావన్నీ నమ్మాలనిపించేది.

.303 తూటాకు అడుగున అంచు ఉంటుంది. బ్రెన్ మెషిన్‌గన్ మ్యాగజైనులో వాటిని నింపేటప్పుడు పైదాని అంచు కిందిదాని అంచుకు ముందు పడేలా చూడాలి, ఒక్కటి అటూ ఇటూ అయినా రెండు అంచులు కొక్కెం వేసుకుని తుపాకి సరిగ్గా అక్కర పడినచోట ఆగిపోతుంది. ముప్ఫై పట్టే మ్యాగజైనులో స్ప్రింగు అలిసిపోకుండా ఇరవయ్యెనిమిదే నింపేవారట. చీకట్లో, గడ్డకట్టిన వేళ్లతో, తడిమి తడిమి అంచులు సరిచూస్తూ తూటాలు నింపడమే యుద్ధంలో తాను చేసిన పనుల్లో అతి కష్టమైనదని తాత అనేవాడు. నాకు ఆ సంగతి ఎంత లోతుగా నాటుకుందంటే, ఇప్పటికీ ఎవరైనా యుద్ధమంటే ముందుగా ఆ వేళ్లే కళ్లముందు కదులుతాయి.

మా బాబాయి 1969లో చేరాడు. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో మద్రాసు రెజిమెంటు కేంద్రం, అక్కడ తర్ఫీదు, ఆ తరువాత పటాలం. అప్పటికి సైన్యం 1962 పాఠం చదువుకుని ఎస్.ఎల్.ఆర్., అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ అనే తుపాకికి మారింది. 7.62 మిల్లీమీటర్ల తూటా, ఇరవై పట్టే మ్యాగజైను, పేలినప్పుడు పుట్టే వాయువులో కొంత భాగమే వెనక్కు మళ్లి తరువాతి తూటాను ఎక్కించే ఏర్పాటు. బోల్టు లాగే పని తప్పింది గాని బరువు తప్పలేదు. ఖాళీగా నాలుగు కిలోల పైచిలుకు, నిండు మ్యాగజైనుతో ఇంచుమించు ఐదు, పొడవేమో మా పిన్ని భుజం దాకా వస్తుంది. "తుపాకి కాదురా అది, కాడి" అంటాడాయన. తొలిసారి రేంజిలో పేల్చిన సాయంత్రం భుజం కమిలి నల్లబడితే తర్ఫీదిచ్చే ఉస్తాదు దానిని చూసి, వదులుగా పట్టుకున్నవాణ్ణే అది తంతుందని చెప్పాడట. గట్టిగా లోపలికి అదుముకుంటే తోస్తుంది, సందు ఇస్తే తంతుంది.

1971 డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలయ్యేనాటికి ఆయన షకర్‌గఢ్ వైపు సరిహద్దులో ఉన్నాడు. పంజాబు చలికాలం, తెల్లవారుజామున చేతికి చెయ్యి కనపడని మంచు, చెరకు తోటలు, మనిషెత్తు రెల్లు. రాత్రంతా కందకంలో గట్టు మీద ఆనించి ఉంచిన తుపాకి మీద మంచు కురిసి, తెల్లవారేసరికి గ్యాసు గొట్టం పక్కన ఎర్రటి తుప్పు పొర కనిపించేదట. పేల్చని రోజున నీటి తుప్పు, పేల్చిన రోజున మసి. ఎస్.ఎల్.ఆర్.లో వాయువును ఎంత వదలాలో, ఎంత పట్టాలో సరిచేసుకునే ఒక చిన్న చక్రం ఉంటుంది. మసి పేరుకుని, పేలిన తూటా ఖాళీ తొడుగును తుపాకి సరిగ్గా బయటికి తన్నకపోతే ఆ చక్రాన్ని ఒక మెట్టు బిగించి ఎక్కువ వాయువు వెనక్కు పోయేలా చేయాలి. కిరోసిన్ స్టవ్వు పిన్ను తిప్పినట్టే అని ఆయన నాకు వేళ్లతో చూపించాడు. ఎవరి తుపాకికి ఏ అంకె మీద సరిపోతుందో వాడికే తెలుసు, అందువల్ల పక్కవాడి తుపాకి చేతికి వస్తే కొత్త చెప్పులు వేసుకున్నట్టుండేదట.

రోజూ ఉదయం పుల్‌త్రూ తాడుకు చిందీ గుడ్డ కట్టి గొట్టంలో నుంచి లాగడం, నూనె పొర పెట్టడం. కాని వరుసలో అందరూ ఒక్కసారే తుపాకులు విప్పకూడదు, ఒకడు విప్పితే పక్కవాడు కాపు కాయాలి. అన్నం తినడమైనా అంతే. నూనె ఎంత పెట్టాలన్నది కూడా ఒక విద్య. పంజాబులో పొర మందంగా ఉండాలి. తరువాత కొన్నేళ్లకు రాజస్థాన్ ఎడారికి వెళ్లినప్పుడు అదే చేతితో అదే పొర పెడితే ఇసుక వచ్చి నూనెకు అంటుకుని, కదిలే పుర్జాలన్నీ సానరాయి మీద రుద్దినట్టు చప్పుడు చేశాయట, అక్కడ పొడిగుడ్డతో తుడిచి వదిలేయాలని మొదటి వారంలోనే నేర్చుకున్నారు.

ఆ సెక్టారులోనే, డిసెంబరు 15 రాత్రి బసంతర్ నది దాటిన 3 గ్రెనేడియర్స్ పటాలంలో మేజర్ హోషియార్ సింగ్ ఉన్నాడు. జర్పాల్ దగ్గర ఎదురుదాడుల మధ్య ఒక మీడియం మెషిన్‌గన్ గుంత పక్కన శత్రువు గుండు పడి దానిని నడిపేవారు గాయపడితే, అప్పటికే గాయపడి ఉన్న ఆ అధికారి పరుగెత్తి స్వయంగా ఆ తుపాకిని నడిపించాడు, పరమవీర చక్ర ప్రశంసాపత్రంలో ఆ సంగతి ఉంది. మా అరుగు మీద ఈ ఉదంతం వచ్చినప్పుడు బాబాయి ధైర్యం గురించి కాక, ఒక మేజరుకు మెషిన్‌గన్ నడపడం చేతనై ఉండడం గురించి మాట్లాడతాడు. పటాలంలో ప్రతివాడికీ ప్రతి ఆయుధమూ వచ్చి ఉండాలన్న నియమం కాగితం మీద సులభమే. బ్రెన్‌ను 7.62కు మార్చిన ఎల్.ఎం.జి., అంటే తేలికపాటి మెషిన్‌గన్, దాదాపు 10 కిలోలు, దానికి ఒకటో నంబరు పేల్చేవాడు, రెండో నంబరు మ్యాగజైన్లు మార్చేవాడు, గొట్టం వేడెక్కితే పిడి పట్టి ఊడదీసి మారుగొట్టం తగిలించేవాడు. బాబాయి రెండో నంబరు. ఆయన అరచేతిలో బొటనవేలి కింద ఒక నున్నటి మచ్చ ఉంది, తొందరలో పిడికి బదులు గొట్టాన్నే పట్టుకున్న గుర్తు. నాకు తెలిసి ఆ యుద్ధంలో ఆయనకు తగిలిన గాయం అదొక్కటే.

గ్రెనేడు గురించి ఒక మాట. సినిమాల్లో కథానాయకుడు పిన్నును పళ్లతో లాగిపారేసినప్పుడల్లా మా బాబాయి టీవీ ముందు నుంచి లేచిపోతాడు. 36 నంబరు గ్రెనేడు పిన్ను కాళ్లు వెడల్పుగా వంచి ఉంటాయి, పళ్లతో లాగితే పళ్లే వస్తాయట. లోపలి డిటోనేటరు విడిగా వస్తుంది, అడుగు బిళ్ల విప్పి దానిని అమర్చాలి. పిన్ను లాగాక పిడి వదిలిన నాలుగు సెకన్లకు పేలుతుంది. నాలుగు సెకన్లంటే ఎంతో తెలియాలంటే లెక్కపెట్టి చూడమని ఒకసారి నన్ను అరుగు మీద నిలబెట్టాడు. ఒకటి, రెండు, మూడు దాకా నేను చాలా తీరికగా లెక్కపెట్టాను. ఖాళీ చేతితో ఎవరైనా అలాగే లెక్కపెడతారని ఆయన అన్నాడు.

మా పెదనాన్న కొడుకు, నాకు అన్న, 1999 వేసవిలో కార్గిల్ యుద్ధమప్పుడు ద్రాస్ వైపు ఒక పదాతి పటాలానికి జతచేసిన వైర్‌లెస్ ఆపరేటరు. ఆయన తరానికి మన దేశంలోనే తయారైన ఇన్సాస్ తుపాకి వచ్చింది. ఎస్.ఎల్.ఆర్.తో పోలిస్తే సన్నటి 5.56 తూటా, అంటే సుమారుగా సగం బరువు, అదే సంచిలో రెట్టింపు మోయవచ్చు. వీపున వైర్‌లెస్ సెట్టూ బ్యాటరీలూ మోస్తూ పదహారు వేల అడుగుల ఎత్తున నాలుగడుగులకొకసారి నిలబడి ఊపిరి పీల్చుకునే మనిషికి ఆ సగం చిన్న సంగతి కాదు. ఆ తుపాకికి అదే తొలి యుద్ధం, లోపాలు కూడా అక్కడే బయటపడ్డాయి. లోపలి తూటాలు కనపడే ప్లాస్టిక్ మ్యాగజైను చలికి పెళుసెక్కి పగిలేది, మధ్యలో ఇరుక్కునేది, మూడు తూటాల విడతకు పెడితే కొన్నిసార్లు ఆగకుండా పోయేది, నూనె చుక్కలు వెనక్కు చిమ్మి కంట్లో పడేవి. ఏకే-47 దొరికినవాడు దాన్నే పట్టుకున్నాడు. అన్న మాత్రం ఇన్సాస్‌ను పూర్తిగా తిట్టడు. తనది ఒక్కసారే మొరాయించిందని, అప్పుడు తప్పు తనదేనని ఒప్పుకుంటాడు.

ఆ తప్పు ఏమిటంటే, రాత్రి కాపలా ముగించి వచ్చి తుపాకిని స్టవ్వు వెలుగుతున్న గుడారంలోకి తెచ్చుకున్నాడు. చల్లటి ఇనుము మీద వెచ్చటి గాలిలోని తేమ చెమటలాగా పట్టింది. తెల్లవారి బయటికి తీసుకెళ్లగానే ఆ చెమట లోపలి పుర్జాల మధ్య మంచుగా బిగుసుకుంది. ట్రిగ్గరు నొక్కితే అసలు చప్పుడే లేదట. ఆనాడు ఎదురుగా ఎవరూ లేరు, ఊరకే సరిచూసుకోవడానికి నొక్కాడు, లేకపోతే ఈ ముక్క మాకు చెప్పడానికి ఆయన ఉండేవాడు కాదేమో. అప్పటి నుంచి మనిషి లోపల, తుపాకి బయట. నూనె కూడా ఆ చలిలో బెల్లం పాకంలాగా చిక్కబడుతుంది కాబట్టి దాదాపు పొడిగా ఉంచేవారు. గ్లవ్సు లేకుండా ఇనుమును ముట్టుకుంటే చర్మం అంటుకుని ఊడివచ్చేది. గురి సంగతి కూడా వేరు. నిటారు కొండ మీదికి పేల్చినా, కిందికి పేల్చినా తూటా అనుకున్నదాని కన్నా పైకే పోతుంది, అందువల్ల రెండు పక్షాల్లోనూ కొంచెం కిందికి గురిపెట్టాలి. ఇది ఆయన వివరించినప్పుడు బాబాయి రెండుసార్లు మళ్లీ చెప్పించుకున్నాడు, పంజాబు మైదానంలో ఆయనకు ఈ అవసరం రాలేదు.

ఆ జూలై 4న 4875 శిఖరం దగ్గర 13 జమ్మూకాశ్మీర్ రైఫిల్స్ సిపాయి సంజయ్ కుమార్ శత్రువు వదిలి పారిపోయిన మెషిన్‌గన్నునే ఎత్తి, పారిపోతున్నవారి మీదికి తిప్పాడు. ఎన్నడూ చేత్తో పట్టని తుపాకి, ఎవరి పేరు మీదా లేని నంబరు. శాపర్ తాత అప్పటికింకా బతికే ఉన్నాడు. పేపర్లో అది చదివి వినిపిస్తే, "లెక్కల పుస్తకంలో దాన్ని ఏ గడిలో రాసుంటారో" అని అడిగాడు.

ఈ పెద్దమనుషుల మధ్య నా సైనికానుభవం కళాశాలలో ఎన్.సి.సి. వరకే. ఒంగోలులో చదువుకునేటప్పుడు క్యాంపులో .22 తుపాకితో ఐదు తూటాలు పేల్చనిచ్చారు. నాలుగు బోర్డు మీద పడ్డాయి, అందులో ఒకటి నల్లటి వృత్తంలో. ఆ కాగితాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకుని, బస్సులో నాలుగైదుసార్లు తీసి చూసుకుంటూ ఇంటికి వచ్చి బాబాయి ముందు పరిచాను. ఆయన కాగితం వైపు చూడనైనా చూడలేదు.

"పేల్చినాక తుడిచినావా?"

క్యాంపు హవల్దారు తుడుచుకుంటాడులే అన్నాను. పిన్నిని పిలిచి వీడికి అన్నం పెట్టమని చెప్పి లేచి వెళ్లిపోయాడు. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

పటాలం నుంచి వచ్చాక బాబాయి చాలాకాలం ఒక బ్యాంకు శాఖ వాకిట్లో రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకితో స్టూలు మీద కూర్చున్నాడు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా దానిని పేల్చవలసిన పని పడలేదు. అయినా ప్రతి ఆదివారం వరండాలో పాత దుప్పటి పరిచి, మధ్యకు విరిచి, చిందీ గుడ్డ లాగి, ఒక గొట్టంలో నుంచి ఆకాశం వైపు చూసేవాడు. పిల్లలమంతా వరసలో నిలబడి మేము కూడా చూస్తామని గోలచేసేవాళ్లం. లోపల గుండ్రటి అద్దం మెరుపు, చివర చిన్న నీలిరంగు బిళ్ల. తూటాలు అప్పుడు ఇంట్లో వేరే గదిలో, వేరే తాళంలో ఉండేవి, ఖాళీ తుపాకి అయినా సరే మనిషి వైపు తిప్పినవాడికి ఆ రోజు భోజనం లేదు.

2020 జూన్‌లో లడఖ్ గల్వాన్ లోయలో చైనా సిపాయిలతో ఘర్షణ జరిగిన వార్త వచ్చిన రోజు నేను ఊళ్లోనే ఉన్నాను. సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబుతో సహా ఇరవైమంది చనిపోయిన ఆ రాత్రి ఒక్క తూటా కూడా పేలలేదు, వాస్తవాధీన రేఖ దగ్గర కాల్పులు జరపరాదన్న 1996 నాటి ఒప్పందం ఉంది. చేతిలో తుపాకి ఉండి రాళ్లతో, మేకులు దిగ్గొట్టిన కర్రలతో కొట్టుకోవడమేమిటని అరుగు మీద కుర్రాళ్లు మండిపడ్డారు. అన్న ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. బాబాయి చాలాసేపు టీవీ తెర మీద సిపాయిల భుజాలకు వేలాడుతున్న తుపాకులనే చూస్తూ కూర్చున్నాడు. అంతకు ముందటేడే సైన్యం అమెరికా నుంచి 72,400 సిగ్ తుపాకులు కొనాలని నిర్ణయించింది, అవి 7.62 తూటావి. ఆయన ఎస్.ఎల్.ఆర్. తూటాయే. యాభయ్యేళ్లు తిరిగి మళ్లీ మా లెక్కకే వచ్చారని ఆ సంగతి తెలిసిన రోజున ఆయన పొందిన సంతోషం మా ఊరికంతా తెలుసు, గల్వాన్ రోజున మాత్రం ఆ ఊసెత్తలేదు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు, ఇవన్నీ ఒకచోట రాసిపెడదామన్న ఆలోచనతో ఒక నోటు పుస్తకం పట్టుకుని ఆయన దగ్గర కూర్చున్నాను. గ్యాసు చక్రానికి ఎన్ని అంకెలు, పుల్‌త్రూ తాడుకు ఎన్ని ఉచ్చులు, నూనె సీసా తుపాకిలో ఎక్కడ పెట్టేవారు, అన్నీ ఓపికగా చెప్పాడు. ఒకచోట నేను రాసుకున్నది తప్పయితే పెన్ను తీసుకుని తానే దిద్దాడు. ఆ ఊపులోనే, ఇన్నేళ్లుగా అడగాలనుకుని అడగని మాట అడిగేశాను. జర్పాల్ వైపు ఆ రాత్రుల్లో రెల్లు గడ్డిలోకి పేల్చినప్పుడు అవతల మనుషులు కనపడేవారా, తగిలిందని తెలిసేదా అని.

ఆయన కొంతసేపు వాకిట్లోని ముగ్గు వైపు చూశాడు. తరువాత తలను కొద్దిగా వంచి, "ఆ పక్క నుంచి అడిగితే నాకు వినపడదు కదరా" అన్నాడు.

నేను ఆయనకు కుడి పక్కనే కూర్చుని ఉన్నాను. పిన్ని లోపలి నుంచి అరిసెల పళ్లెం తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టింది. ఒకటి తుంచి నా చేతిలో పెట్టి, నూనె సీసా తుపాకి మడమలో పెట్టేవాళ్లమని రాసుకున్నావా అని ఆయన అడిగాడు. రాసుకున్నానని చెప్పాను.